నలభై శాతం స్కాలర్‌షిప్, ఆదివారం గడువు

ప్రశ్న: సార్, మాది గుంటూరు. బీటెక్ ఇక్కడే చేశాను. రెండున్నరేళ్లుగా హైదరాబాద్‌లో ఒక ఐటీ కంపెనీలో సపోర్ట్ ప్రాజెక్టులో ఉన్నాను. చేతికి 31 వేలు వస్తుంది. నాన్న మిర్చి యార్డులో కమీషన్ కొట్టు గుమస్తా. తమ్ముడు బీటెక్ రెండో ఏడాది. పోయిన నవంబరులో ఎంబీఏ కోసం క్యాట్ ప్రవేశ పరీక్ష రాస్తే 86 పర్సంటైల్ వచ్చింది, ఐఐఎంల నుంచి కాల్స్ రాలేదు. బెంగళూరులో ఒక బిజినెస్ స్కూల్ వాళ్లు ఆన్‌లైన్‌లో ఇంటర్వ్యూ చేసి, 14 లక్షల ఫీజులో 40 శాతం మెరిట్ స్కాలర్‌షిప్ ఇస్తామన్నారు. ఈ ఆదివారంలోగా 75 వేలు కడితేనే సీటు ఉంటుందట. విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర ఒక కన్సల్టెన్సీ వాళ్లేమో యూకేలో ఏడాది ఎంబీఏ, స్కాలర్‌షిప్ గ్యారంటీ అంటున్నారు. ఊళ్లో ఉన్న ఎకరం అమ్మేద్దామని నాన్న అంటున్నారు. రాష్ట్ర ఎంబీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్ రాసి ఇక్కడే చేరమని మామయ్య అంటున్నాడు. ఏది ఎంచుకోవాలి? స్కాలర్‌షిప్ ఎలా తెచ్చుకోవాలి?
గుంటూరు నుంచి ఒక పాఠకురాలు

సమాధానం:

అమ్మా, ముందు ఆదివారం సంగతి. ఆ డెబ్బయ్యయిదు వేలు కట్టొద్దు. మిగతాదంతా తర్వాత తీరిగ్గా చదువుకో, ఈ ఒక్క మాట మాత్రం ఇవాళే నాన్నగారి చెవిన వెయ్యి.

నేను బ్యాంకులో ముప్పై మూడేళ్లు చేసి రిటైరయ్యాను. చివరి ఏడేళ్లూ విజయవాడలోనే. విద్యారుణాల ఫైళ్లన్నీ నా టేబుల్ దాటే వెళ్లేవి. జూన్, జులై నెలలొస్తే తండ్రీ కూతుళ్లు, తల్లీ కొడుకులు కవర్లో ఉత్తరం పెట్టుకుని వచ్చేవాళ్లు. 'మా పిల్లకి నలభై శాతం స్కాలర్‌షిప్ వచ్చిందండీ' అని మొదలుపెట్టేవాళ్లు. ఆ ఉత్తరాలు చదివీ చదివీ నాకో సంగతి అర్థమైంది. క్యాట్‌లో 70 వచ్చిన పిల్లాడికీ నలభై శాతమే, 90 వచ్చిన పిల్లకీ నలభై శాతమే. బీసెంట్ రోడ్డులో ఆషాఢం డిస్కౌంట్ చూడలేదూ? చీర మీద ముందు 4,000 చీటీ అంటిస్తారు, తర్వాత 40 శాతం కొట్టేస్తారు, మనం 2,400 కట్టి 1,600 మిగిల్చుకున్నామని సంతోషంగా ఇంటికొస్తాం. ఆ చీర అసలు ధర ఎప్పుడూ 2,400 రూపాయలే. అందరికీ ఇచ్చేది తగ్గింపు. దానికి స్కాలర్‌షిప్ అని పేరు పెడితే మనకి పరువుగా ఉంటుంది, వాళ్లకి సీటు నిండుతుంది.

నీతులు చెబుతున్నాననుకోకు, నేనే దెబ్బ తిన్నాను. నా మేనల్లుడికి ఇలాగే ఒక కాలేజీ నుంచి యాభై శాతం ఉత్తరం వచ్చింది. నేనే దగ్గరుండి అడ్వాన్సు కట్టించాను. ఉత్తరం రెండో పేజీలో చిన్నక్షరాల్లో ఉంది: మొదటి ఏడాది సీజీపీఏ ఎనిమిది దాటితేనే రెండో ఏడాది రాయితీ అని. వాడికి 7.6 వచ్చింది. రెండో ఏడాది పూర్తి ఫీజు కట్టాం. జీవితమంతా అప్పు పత్రాలు చదివిన వాణ్ణి, ఇంట్లోకొచ్చిన పత్రం రెండో పేజీ తిప్పలేదు. మా అక్క ఇప్పటికీ పెళ్లిళ్లలో కనపడితే ఆ మాట ఎత్తుతుంది.

కాబట్టి ఫోన్ చేసిన వాళ్లని నాలుగు ముక్కలు అడుగు, జవాబు ఈమెయిల్లో పెట్టమను. ఈ రాయితీ రెండేళ్లకా, మొదటి ఏడాదికేనా? నిలవాలంటే ఎన్ని మార్కులు రావాలి? పోయిన బ్యాచ్‌లో ఎంతమందికి రెండో ఏడాది నిలిచింది? నేను చేరకపోతే ఈ 75 వేలు వెనక్కిస్తారా? ఆఖరి ప్రశ్నకి 'నాన్ రిఫండబుల్ మేడమ్' అంటారు. అది ఏఐసీటీఈ (సాంకేతిక, మేనేజ్‌మెంట్ కోర్సులకి అనుమతిచ్చే కేంద్ర సంస్థ) అనుమతి ఉన్న సంస్థ అయితే ఆ మాట చెల్లదు. కోర్సు మొదలవక ముందే మానుకుంటే ప్రాసెసింగ్ కింద వెయ్యి రూపాయలకి మించకుండా పట్టుకుని మిగతాది తిరిగివ్వాలని ఏఐసీటీఈ నిబంధన. విశ్వవిద్యాలయాలకైతే యూజీసీకి వేరే రిఫండ్ నిబంధనలున్నాయి. నిబంధన ఉంది కదా అని డబ్బు కట్టి, తర్వాత దాని వెనక తిరగమని కాదు నా ఉద్దేశం. వాళ్ల జవాబు వింటే ఆ సంస్థ ఎలాంటిదో నీకే తెలిసిపోతుంది.

ఇక ఆ కాలేజీ ఎంత బరువో లెక్క కడదాం. 14 లక్షల్లో 40 శాతం పోతే 8 లక్షల 40 వేలు. రెండేళ్ల హాస్టలు, మెస్సు, లాప్‌టాప్, రాకపోకలు కలిపి మూడు లక్షలు వేసుకో. 11 లక్షల 40 వేలు. ఎవరూ లెక్కలోకి తీసుకోనిది ఇంకొకటుంది: నువ్వు వదులుకునే జీతం. నెలకి 31 వేల చొప్పున 24 నెలలకి 7 లక్షల 44 వేలు. అన్నీ కలిపితే 18 లక్షల 84 వేలు. నలభై శాతం స్కాలర్‌షిప్ తర్వాత నీకు పడే ధర ఇదీ.

దీనికి బదులు ఏమొస్తుందన్నది నాన్నగారిని అడుగు, నాకంటే బాగా చెబుతారు. పేపర్లో 'గుంటూరు యార్డులో తేజ మిర్చి గరిష్ఠ ధర' అని ఒక అంకె పడుతుంది కదా, ఆ రోజు వచ్చిన వేల టిక్కీల్లో (మిర్చి బస్తాల్లో) ఆ ధరకి ఎన్ని పోయాయని అడుగు. నవ్వుతారు. ఏ ఒక్క రైతు సరుకో నిగనిగలాడుతూ వస్తే దానికి పలికిన ధర అది. అందుకే మార్కెట్ వాళ్లు కనిష్ఠం, గరిష్ఠం పక్కన 'మోడల్ ధర' అని ఇంకో అంకె వేస్తారు. ఎక్కువ సరుకు ఏ ధరకి పోయిందో అది. బండి కట్టేముందు రైతు చూసుకునేది దాన్నే. బిజినెస్ స్కూళ్ల ఫ్లెక్సీల మీద 'హయ్యెస్ట్ ప్యాకేజ్' అని ఫొటోతో సహా వేసేది గరిష్ఠ ధర. సగటు కూడా మోసం చేస్తుంది. పది మందిలో ఎనిమిది మందికి అయిదేసి లక్షలు, ఇద్దరికి ఇరవయ్యేసి లక్షలు వచ్చాయనుకో, సగటు ఎనిమిది లక్షలు అవుతుంది. ఆ ఎనిమిది లక్షలు పది మందిలో ఒక్కరి చేతికీ రాలేదు. నువ్వు అడగాల్సింది మీడియన్, అంటే అందరినీ జీతం ప్రకారం వరసగా నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్నవాళ్ల జీతం.

దీన్ని వాళ్లని అడుక్కోనక్కర్లేదు. కేంద్ర విద్యాశాఖ 2016 నుంచి ఎన్‌ఐఆర్‌ఎఫ్ పేరుతో విద్యాసంస్థలకి ర్యాంకులు ఇస్తోంది. వాటికోసం ప్రతి సంస్థా ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి, మీడియన్ జీతమెంత అని లెక్కలు సమర్పిస్తుంది. ఆ పత్రాన్ని కాలేజీ తన వెబ్‌సైట్‌లోనూ పెట్టాలి. ర్యాంకు సంగతి వదిలెయ్, ఆ పత్రం తెరిచి ఆ మూడు అంకెలు చూడు. ఆ పత్రమే లేదంటే అదీ ఒక సమాధానమే. మంచి పేరున్న కొన్ని స్కూళ్లు ఐపీఆర్‌ఎస్ అనే పద్ధతిలో ప్లేస్‌మెంట్ నివేదికని ఆడిట్ చేయించి బయటపెడతాయి. ఐఐఎం అహ్మదాబాద్‌లో పుట్టిన పద్ధతి అది. ఆ నివేదికలో ఎంతమంది ప్లేస్‌మెంట్‌కి కూర్చున్నారు, ఎంతమంది కూర్చోలేదు, జీతంలో చేతికొచ్చేదెంత, బోనస్ పేరుతో గాల్లో ఉన్నదెంత అన్నీ విడివిడిగా ఉంటాయి. ఇంకో దారి, లింక్డిన్‌లో ఆ కాలేజీ పేరు కొట్టి మూడేళ్ల కిందట బయటికొచ్చిన పాతికమంది ఇప్పుడేం చేస్తున్నారో చూడు. కాలేజీ వాళ్లు పరిచయం చేసే 'అలుమ్నీ'తో మాట్లాడితే లాభం లేదు. టిక్కీ పైన పేర్చిన కాయ చూసి నాన్నగారు ఎప్పుడైనా ధర కట్టారా? చెయ్యి లోపలికి పోనిచ్చి మధ్యలోంచి తియ్యాలి.

ఆ కాలేజీ మీడియన్ ఆరేడు లక్షలు అనుకుందాం. చేతికి నెలకి 45 వేలొస్తుంది. 11 లక్షల అప్పు పది శాతం వడ్డీకి పదేళ్లలో తీర్చాలంటే ఈఎంఐ నెలకి 14,500 పైన. మిగిలేది ముప్పై వేలు. ఇప్పుడు నీ చేతికొస్తున్నది 31 వేలు! రెండేళ్లు చదివి, ఎకరం గురించి రాత్రిళ్లు నిద్ర చెడగొట్టుకుని, బయల్దేరిన చోటికే చేరతావు. ఇంకోవైపు చూడు. ఇరవై లక్షలు అప్పు చేసి, మీడియన్ పదిహేను లక్షలున్న చోట చదివావనుకో. పదిహేనేళ్ల వాయిదాకి ఈఎంఐ 21,500 దరిదాపు. చేతికి తొంభై వేలొస్తే అది నొప్పి తెలియని వాయిదా. బ్యాంకులు కూడా ఐఐఎంలాంటి చోట్లకి వడ్డీ తగ్గించి ఇస్తాయి. నా టేబుల్ దగ్గర నేను చూసిందీ అదే. పెద్ద ఫీజు కట్టిన పిల్లలు నాలుగేళ్లలో అప్పు తీర్చి స్వీట్లు తెచ్చేవాళ్లు, 'చవగ్గా వచ్చింది' అని చేరిన పిల్లల తండ్రులు మారటోరియం (వాయిదాలు కట్టక్కర్లేని గడువు) అయిపోయాక గడువు పొడిగించమని వచ్చి కూర్చునేవాళ్లు.

అందుకని స్కూలు ముందు, స్కాలర్‌షిప్ తర్వాత. రాయితీ ఉందని స్కూలు ఎంచుకోవడం కట్నం తక్కువడిగాడని పెళ్లికొడుకుని ఖాయం చేసుకోవడం లాంటిది.

నీ ఉత్తరంలో ఒక లోటుంది. ఎంబీఏ ఎక్కడ, ఎంతకి అని రాశావు, ఎందుకో రాయలేదు. సపోర్ట్ ప్రాజెక్టులో రాత్రి షిఫ్టులు విసుగెత్తాయని వాక్యాల మధ్య తెలుస్తోంది. అది ఉద్యోగం మారడానికి సరిపోతుంది, రెండేళ్ల చదువుకి సరిపోదు. బ్యాడిగి కాయని రంగు కోసం కొంటారు, తేజని ఘాటు కోసం కొంటారు. బిజినెస్ స్కూళ్లూ అంతే, ఒక్కోచోటికి కంపెనీలు ఒక్కోదానికోసం వస్తాయి. మానవ వనరుల విభాగమైతే జంషెడ్‌పూర్ ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ, ముంబయి టిస్. సరుకు రవాణా, ఉత్పత్తి, సప్లై చైన్ అయితే ముంబయిలో నిన్నమొన్నటిదాకా నైటీ అని పిలిచిన సంస్థ, 2023లో ఐఐఎం ముంబయి అయింది. ఎగుమతి దిగుమతులైతే ఐఐఎఫ్‌టీ. అది ఢిల్లీది, మన కాకినాడలోనూ క్యాంపస్ పెట్టారు. ప్రకటనలు, బ్రాండ్లు అయితే అహ్మదాబాద్ మైకా. రైతులు, సహకార సంఘాలు, పల్లె మార్కెట్లు అయితే గుజరాత్‌లో ఆనంద్‌లో ఉన్న ఇర్మా. 1979లో అమూల్ కురియన్ పెట్టింది. ఇప్పుడు త్రిభువన్ సహకారీ విశ్వవిద్యాలయంలో భాగమైంది.

వీటిలో ఐఐఎఫ్‌టీ, ఇర్మా ఊరికే రాయలేదు. కమీషన్ కొట్టు గుమస్తా ఇంట్లో పెరిగిన పిల్లవి. కాటా, తాలు, తేమ, కోల్డ్ స్టోరేజీ అద్దె, చైనా నుంచి ఆర్డర్లు ఆగితే ధర ఎలా పడుతుందో అన్నం తింటూ విని ఉంటావు. బిజినెస్ స్కూల్ క్లాసులో ఇవి తెలిసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే ఉంటారు. ఇంటర్వ్యూలో 'ఐటీ సపోర్ట్ చేస్తున్నానండీ' అంటే నీలాంటి వాళ్లు వంద మంది ఉంటారు. మిర్చి ధర రైతు దగ్గర్నుంచి ఎగుమతిదారు దాకా ఎన్ని చేతులు మారుతుందో చెప్పగలిగితే నీ ముందున్నవాళ్లు పెన్ను కింద పెట్టి వింటారు.

86 పర్సంటైల్ తక్కువేం కాదు, అలాగని సరిపోదు కూడా. కొత్త ఐఐఎంల నుంచి పిలుపు రావాలంటే జనరల్ కేటగిరీలో తొంభైల మధ్యకైనా వెళ్లాలి. మొత్తం పర్సంటైల్ ఒక్కటే కాదు, మూడు సెక్షన్లలో ఒక్కోదానికీ విడిగా కటాఫ్ ఉంటుంది. నీ స్కోర్‌కార్డులో ఏ సెక్షన్ నిన్ను కిందికి లాగిందో నువ్వు రాయలేదు. మన దగ్గర బీటెక్ పిల్లలకి సాధారణంగా లెక్కలు కాదు, ఇంగ్లీషు చదివి అర్థం చేసుకునే సెక్షనే దెబ్బ కొడుతుంది. దానికి కోచింగ్ సెంటర్ మందు లేదు. రోజూ గంటసేపు ఇంగ్లీషు పత్రిక సంపాదకీయాలు, పెద్ద వ్యాసాలు చదవడమే. ఆర్నెల్లు చాలు. ఆడపిల్లలకి చాలా ఐఐఎంలు ఎంపికలో కొన్ని మార్కులు కలుపుతాయి, అదీ నీకు ఉపయోగమే.

నీ కేటగిరీ ఏమిటో రాయలేదు, అడగను కూడా. కానీ వర్తిస్తే ఇప్పుడే కదలాలి. బీసీ అయితే మన రాష్ట్ర కుల ధ్రువపత్రం ఐఐఎంలకి పనికిరాదు. కేంద్ర ఓబీసీ జాబితాలో మీ కులం ఉండాలి, కేంద్ర నమూనాలో నాన్ క్రీమీలేయర్ పత్రం కావాలి. ఓసీ అయి కుటుంబ ఆదాయం ఎనిమిది లక్షల లోపు, భూమి అయిదెకరాల లోపు ఉంటే ఈడబ్ల్యూఎస్ పత్రం. అది ఏ ఆర్థిక సంవత్సరానికి కావాలో ఆ సంవత్సరానిదే ఉండాలి. టెన్త్ మెమోలో ఇంటిపేరు పొట్టక్షరం, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు, పాన్‌లో పేరు ముందు ఇంటిపేరు వెనక ఉన్నవాళ్లు మన జిల్లాల్లో సగం మంది ఉంటారు. ఆ ఒక్కదానికే రుణాలు నెలల తరబడి ఆగిపోవడం చూశాను. ముందు అది సరిచేయించుకో.

క్యాట్ దరఖాస్తులు ఆగస్టులో మొదలవుతాయి, పరీక్ష నవంబరు చివరి ఆదివారం ఉంటుంది. 2025లో ఫీజు 2,600, ఎస్సీ ఎస్టీలకి 1,300. ఆ తర్వాత జనవరి మొదట్లో ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ లాంటి చోట్లకి రాసే ఎక్స్‌ఏటీ. రెండూ రాయి, ఉద్యోగం మానకుండా రాయి. ఐఐఎంలే లోకం అనుకోకు. క్యాట్ స్కోరుతోనే ఢిల్లీ విశ్వవిద్యాలయం ఎఫ్‌ఎంఎస్ ఉంది. పెద్ద ఐఐఎంల ఫీజులో పదో వంతు దరిదాపుల్లో చదువు అయిపోతుంది, కంపెనీలు మాత్రం అవే వస్తాయి. అంత తక్కువ ఫీజు కాబట్టే కటాఫ్ ఆకాశంలో ఉంటుంది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఎంబీఏ, ఎన్‌ఐటీ వరంగల్ ఎంబీఏ కూడా క్యాట్‌తో తీసుకుంటాయి. మన విశాఖలో 2015లో మొదలైన ఐఐఎం ఇప్పుడు గంభీరంలో సొంత క్యాంపస్‌లో ఉంది. గచ్చిబౌలి ఐఎస్‌బీ సంగతి: రెండేళ్ల అనుభవం కావాలి, అది నీకుంది. అక్కడికి పనికొచ్చే జీమ్యాట్ పరీక్ష స్కోరు అయిదేళ్లు చెల్లుతుంది కాబట్టి ఎప్పుడు రాసినా వృథా కాదు. కానీ అక్కడ ఏడాది ఖర్చు ముప్పై అయిదు లక్షలు దాటుతుంది. ఇంకో రెండేళ్లు మంచి పనిలో ఉండి వెళ్తే దానికి విలువ, ఇప్పుడైతే తొందర.

మామయ్య చెప్పిన ఐసెట్ మాట తీసిపారేసేది కాదు. ఆంధ్రా యూనివర్సిటీలోనో నాగార్జునలోనో క్యాంపస్ సీటు వస్తే ఖర్చు తక్కువ. డిగ్రీ అయ్యాక ఇంట్లో ఖాళీగా ఉన్న పిల్లకి, కుటుంబ వ్యాపారం చూసుకునే పిల్లాడికి నేనే అది చెబుతాను. జీతం వస్తున్న ఉద్యోగం మాని ఊరి చివర ప్రైవేటు కాలేజీలో చేరడం మాత్రం నీకు నష్టం. ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందనే ధైర్యంతో చేరేవాళ్లకి ఇంకో హెచ్చరిక. 2020 డిసెంబరులో వచ్చిన జీవో 77తో ప్రైవేటు కాలేజీల్లో పీజీకి అది ఆపేశారు. 'చూసుకుంటాంలే అమ్మా' అనే కాలేజీ గుమస్తా మాట మీద కాకుండా, నువ్వు చేరే ఏడాది ఉత్తర్వు కాగితం కళ్లతో చూసి చేరాలి.

ఇప్పుడు అసలు స్కాలర్‌షిప్‌లు. అన్నిటికంటే పెద్దదాన్ని ఎవరూ స్కాలర్‌షిప్ అనరు, దానికి ఫ్లెక్సీ కట్టరు. కుటుంబ వార్షికాదాయం నాలుగున్నర లక్షల లోపు ఉంటే, గుర్తింపు ఉన్న సంస్థలో వృత్తి విద్యకి తీసుకున్న రుణంలో పది లక్షల దాకా చదువుకునే కాలానికీ ఆ తర్వాత ఇంకో ఏడాదికీ వడ్డీ మొత్తం కేంద్రమే కడుతుంది. పది లక్షల రుణం మొదటి ఏడాది అయిదు, రెండో ఏడాది అయిదు చొప్పున తీసుకున్నావనుకో. పది శాతం మీద మొదటి అయిదుకి మూడేళ్ల వడ్డీ లక్షన్నర, రెండో అయిదుకి రెండేళ్లది లక్ష. రెండున్నర లక్షలు నీ మీద పడకుండా పోతాయి. అది నీ సీజీపీఏ అడగదు. చదువు మధ్యలో మానేస్తే మాత్రం పోతుంది. ఆదాయం నాలుగున్నర దాటి ఎనిమిది లక్షల లోపు ఉంటే 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి ఉంది. ఎంపిక చేసిన విద్యాసంస్థలకి హామీదారు లేకుండా, తనఖా లేకుండా రుణం, పది లక్షల దాకా మూడు శాతం వడ్డీ రాయితీ. బెంగళూరు వాళ్లని అయిదో ప్రశ్న కూడా అడగాలి ఇప్పుడు: మీ కోర్సుకి ఎన్‌బీఏ (కోర్సు నాణ్యత చూసే సంస్థ) గుర్తింపు ఉందా, మీ పేరు విద్యాలక్ష్మి జాబితాలో ఉందా అని. మెరిట్ మీద వచ్చిన సీటునీ మేనేజ్‌మెంట్ కోటా సీటునీ బ్యాంకు ఒకే కంటితో చూడదు, అదీ గుర్తుంచుకో.

కుటుంబానికి ఆదాయం లేని పిల్లలకి పెద్ద స్కూళ్లు తమ సొంత డబ్బుతో ఫీజు తగ్గిస్తాయి. సీటొచ్చాక, చేరాక దరఖాస్తు చెయ్యాలి. నాన్నగారి ఆదాయ పత్రాలు, రిటర్నులు, చాలాచోట్ల నీ ఫారం 16 కూడా అడుగుతారు. 'నాన్న రిటర్నులు వెయ్యలేదండీ' అంటే కష్టం, గుమస్తా జీతమైనా సరే ఈ ఏడాది నుంచి వేయించు. ఎస్సీ విద్యార్థులకైతే ఎనిమిది లక్షల ఆదాయం లోపు ఉంటే ఐఐఎంలాంటి ప్రభుత్వ సంస్థల్లో పూర్తి ట్యూషన్ ఫీజు కట్టే కేంద్ర టాప్ క్లాస్ పథకం ఉంది. ఆదిత్య బిర్లా స్కాలర్‌షిప్ లాంటివి ఎంపిక చేసిన స్కూళ్లలో ప్రవేశ ర్యాంకు పైన ఉన్నవాళ్లని స్కూలు సిఫార్సు చేస్తేనే వస్తాయి. బయట్నుంచి దరఖాస్తు చేసేవి కావు. నరోత్తమ్ సేఖ్‌సారియా ఫౌండేషన్ ఇచ్చేది వడ్డీ లేని రుణం. 'రుణమా' అని మొహం చిట్లించకు, వడ్డీ లేదంటే సగం స్కాలర్‌షిప్పే. ఈ దరఖాస్తుల్లో బీదరికం కథ రాసి ఏడిపించడానికి ప్రయత్నించకు. వాళ్లు రోజుకి వంద చదువుతారు. ఇంటి రాబడెంత, తమ్ముడి ఫీజెంత, బ్యాంకు ఎంత ఇస్తుంది, ఇంకా ఎంత లోటు అని నాలుగు అంకెలు నిజాయితీగా పెట్టు. లెక్క తెలిసిన మనిషికి డబ్బివ్వడానికి ఎవరూ వెనకాడరు.

యూకే గురించి క్లుప్తంగా. కన్సల్టెన్సీకి జీతమిచ్చేది నువ్వు కాదు, నువ్వు చేరితే కమీషనిచ్చే అక్కడి యూనివర్సిటీ. కమీషన్ కొట్టు ఎవరి వైపు మాట్లాడుతుందో మీ ఇంట్లో చెప్పక్కర్లేదు. వాళ్ల 'గ్యారంటీ స్కాలర్‌షిప్' కూడా ఆషాఢం బాపతే. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే రెండేళ్ల గ్రాడ్యుయేట్ వీసాని 2027 జనవరి నుంచి దరఖాస్తు చేసేవాళ్లకి ఏడాదిన్నరకి తగ్గించారు. అక్కడ నిలవాలంటే స్పాన్సర్ చేసే కంపెనీ, పెద్ద జీతం కావాలి. నిజంగా యూకేలో చదవాలని ఉంటే బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చీవెనింగ్ స్కాలర్‌షిప్‌కి నువ్వే రాసుకో. రెండేళ్ల అనుభవం అడుగుతారు, నీకుంది. ఏడాది మాస్టర్స్‌కి రాకపోకలు, జీవన వ్యయంతో సహా ఇస్తారు, ఎంబీఏ అయితే ఫీజుకి ఒక పరిమితి ఉంటుంది. చదువయ్యాక రెండేళ్లు మన దేశంలో ఉండాలి. దరఖాస్తుకి రూపాయి ఖర్చులేదు, బెంజి సర్కిల్ దాకా వెళ్లక్కర్లేదు.

ఇక ఎకరం. అమ్మొద్దని నాన్నగారికి నా మాటగా చెప్పు. విద్యారుణం ఏడున్నర లక్షల దాకా తనఖా అడగదు, తల్లో తండ్రో సహ రుణగ్రహీతగా సంతకం పెడితే చాలు. మంచి స్కూళ్లకైతే అంతకంటే చాలా ఎక్కువ మొత్తాలు కూడా తనఖా లేకుండానే ఇస్తారు. నాలుగు లక్షలు దాటితే మనదేశంలో చదువుకి అయిదు శాతం మార్జిన్, అంటే మన వాటా, మనం పెట్టుకోవాలి. నీకొచ్చిన స్కాలర్‌షిప్‌ని కూడా ఆ మార్జిన్ కింద చూపించొచ్చు, ఈ సంగతి బ్యాంకులో అడిగితేనే చెబుతారు. హాస్టలు, పుస్తకాలు, లాప్‌టాప్ కూడా రుణంలో వస్తాయి. పొలం తనఖా పెడదామన్నా బ్యాంకులు పెద్దగా ఇష్టపడవు. వ్యవసాయ భూమిని, బ్యాంకులు బకాయిలు రాబట్టుకునే సర్ఫేసీ చట్టం కింద స్వాధీనం చేసుకోవడం కుదరదు మరి. బ్యాంకుకే అక్కర్లేని ఎకరాన్ని బెంగళూరు కాలేజీ గడువు కోసం ఆదివారానికి అమ్మితే, తొందరలో ఉన్నవాడి సరుక్కి పలికే ధరే పలుకుతుంది. ఆ సంగతి యార్డులో ముప్పై ఏళ్లున్న మనిషికి నేను చెప్పాలా? తమ్ముడికి ఇంకా రెండేళ్ల ఫీజులున్నాయి, అదీ మర్చిపోవద్దు.

వేసవి సెలవులకి యార్డు మూసినప్పుడు నాన్నగారు ఇంట్లో ఉంటారు కదా. ఒక పూట ఇద్దరూ కూర్చుని బెంగళూరు కాలేజీ వెబ్‌సైట్‌లో ఎన్‌ఐఆర్‌ఎఫ్ పత్రం తెరవండి. నువ్వు ఇంగ్లీషు చదివి చెప్పు, మోడల్ ధర ఆయన చెబుతారు. ఆదివారం ఫోనొస్తే 'ఈమెయిల్ పంపాను, జవాబు రాయండి' అని పెట్టెయ్. క్యాట్ స్కోర్‌కార్డులో మూడు సెక్షన్ల పర్సంటైల్స్ నాకు రాసి పంపు, ఏ సెక్షన్‌కి ఎంత సమయం ఇవ్వాలో వచ్చే ఉత్తరంలో చూద్దాం.